శోకం నేర్పే రాత

పోయినవాళ్లను తలుచుకుంటూ రాయడం తెలుగులో పాత విద్యే. భార్య వరలక్ష్మి పోయాక విశ్వనాథ సత్యనారాయణ ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశాడు. 1937లో మరణించిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు ‘మహాప్రస్థానం’ అంకితమిస్తూ శ్రీశ్రీ అతను ఎదురుగా ఉన్నట్టే పిలిచి మాట్లాడాడు. అయితే ఈ పిలుపు కవులు కనిపెట్టింది కాదు. తెలంగాణ పల్లెల్లో శవం పక్కన కూచుని ఆడవాళ్లు పెట్టే శోకంలో ఉన్నదే. శోకం పెట్టే మనిషి పోయినవాణ్ణి వరసపెట్టి పిలుస్తుంది, నిలదీస్తుంది. సగంలో ఆగిన ఇల్లు, పెళ్లి కావలసిన బిడ్డ, రాత్రి వండిపెట్టిన కూర ఒక్కొక్కటే ఎత్తి చెబుతుంది. మంచివాడని ఊరికే అనదు, ఆ మంచితనం కనబడిన పని చెబుతుంది.

చుట్టుపక్కల పల్లెల నుంచి గోదావరిఖని బొగ్గు బాయిలకు వచ్చిన కుటుంబాలు ఆ శోకాన్నీ వెంట తెచ్చుకున్నాయి. 2003 జూన్ 16న ఇక్కడి 7ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. బాయిలో మనిషి పోతే ఇంటికి ముందు వచ్చేవి కాగితాలు: ప్రమాద నివేదిక, నష్టపరిహారం లెక్క, వారసుడి ఉద్యోగానికి దరఖాస్తు. ఇల్లు గడవాలంటే అవి కావలసిందే. కానీ వాటిలో ఉండేది హోదా, మస్టర్ పడిన షిఫ్టు. ఏడాది తిరిగాక పేపర్లో వేయించే వర్ధంతి ప్రకటనలోనూ, చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీలోనూ ఫొటో, పేరు మారతాయి, మాటలు అందరికీ అవే.

అందుకే రాసేవాళ్లు శోకం దగ్గర నేర్చుకోవాలి. ‘నువ్వు’ అని పిలిచి మొదలుపెడితే వాక్యం దానంతటదే నడుస్తుంది. తర్వాత కంటికి ఆనినవి రావాలి. నైట్ షిఫ్టు దిగి ఎంత తోముకున్నా కనురెప్పల అంచున కాటుకలా నిలిచిపోయే బొగ్గు. గాయంలో బొగ్గుపొడి ఉండిపోయి, మానాక చర్మం కింద నీలంగా తేలిన మచ్చ. అది ఏ వేలి కణుపు మీద ఉండేది, ఎలా తగిలిందని చెప్పేవాడు, అడిగితే మాట దాటేసేవాడా? అతను పగలు పడుకుంటే పిల్లల్ని ఎవరు బయటికి తీసుకుపోయేవారు, జీతం రోజు ఏం తెచ్చేవాడు? కోపం, తాగుడు, బాకీ ఉంటే అవీ రాయాలి. వాటిని తీసేస్తే మిగిలేది ఫ్లెక్సీ మీది మనిషే.

రాస్తే దుఃఖం తగ్గుతుందా అన్నది తేలని సంగతి. అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో, నాలుగు రోజులు పావుగంట చొప్పున మనసులోని గాయాల గురించి రాసిన విద్యార్థులు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్ల మీద మార్గరెట్ స్ట్రోబ్ బృందం చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో అలాంటి మేలు కనబడలేదు. కనుక మందుగా రాయమనడం సరికాదు, మొదటి రోజుల్లో చెయ్యి ఆడకపోతే ఆగాలి. రాయడానికి అంతకన్నా గట్టి కారణం ఉంది: చిన్నప్పుడే తండ్రి పోయిన బిడ్డకు ఆ తండ్రి ఎలాంటివాడో తెలియాలి.

దానికి ఒక్కరు రాస్తే చాలదు. భార్యకు తెలిసినవి కొన్ని, బాయిలో పక్కన పనిచేసిన దోస్తుకు తెలిసినవి కొన్ని. అక్షరం రాని తల్లి చెబుతుంటే మనవరాలు రాసుకోవచ్చు. ఆ మాటను ఆమె యాసలోనే ఉంచాలి, పుస్తక భాషలోకి దిద్దకూడదు. పెత్రమాసకు పెద్దల పేరున బియ్యం ఇవ్వడానికి ఎలాగూ ఇంటిల్లిపాదీ కలుస్తారు. ఆ పూట నోటుబుక్కు తీసి, గుర్తొచ్చింది చేర్చి, చెప్పినవాళ్ల పేరు, తేదీ పక్కన వేసుకోవచ్చు. ఇద్దరు చెప్పింది పొసగకపోతే రెండూ ఉంచాలి.