కుండ మీద స్పీకరు

మా మేనల్లుడు మొన్న కలిగిరి వచ్చినప్పుడు అడిగాడు. "మామా, ఇరవై వేలుండాయి. ఇంట్లో మంచి స్టీరియో పెట్టుకోవాల. ఆంప్లిఫయరు ఎన్ని వాట్లది తీసుకునేది?"

ఎవరైనా మొదట అడిగేది వాట్లే. నేను వాడికి ముందు కుండ సంగతి చెప్పాను.

మా చిన్నతనంలో స్పీకరు కొన్నాక దానికి చెక్కపెట్టె చేయించే స్తోమత అందరికీ ఉండేది కాదు. మట్టికుండ మూతి మీద స్పీకరు కూర్చోబెట్టి, సందు లేకుండా చుట్టూ గుడ్డపేలికలు కుక్కేవాళ్లం. స్పీకరును ఉత్తగా చేత్తో పట్టుకుంటే పీలగా పలికేది. కుండ మీద పెట్టగానే తబలా దెబ్బ గుండెకు తగిలేది. కోన్ ముందుకు కదిలితే ముందున్న గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలుసుకుంటే బేస్ చెరిగిపోతుంది. వెనక గాలిని కుండ కలవనివ్వదు. శబ్దాన్ని మలిచేది స్పీకరూ, దాని పెట్టే అని నాకు అప్పుడే తెలిసింది.

అయినా సంపాదన మొదలయ్యాక నేనూ వాట్ల మోజులో పడ్డాను. 4440 ఐసీతో బిగించిన చిన్న ఆంప్లిఫయరు తీసేసి, రెండు నెలల జీతం పోసి పెద్దది తెచ్చాను. స్పీకర్లు మాత్రం పాతవే. పాత గరగర ఇంకా గట్టిగా వినిపించింది, అంతే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. వాటుకు 90 డెసిబెల్స్ పలికే స్పీకరుకు 20 వాట్లు చాలితే, 87 పలికేదానికి 40 కావాలి. డబ్బా మీద వేలల్లో వేసే పీఎంపీవో వాట్ల అంకెను అసలు పట్టించుకోవద్దు.

స్పీకరు తర్వాత గది. పెంకుటింటి మట్టిగోడల మధ్య హాయిగా ఉన్న పాట, స్లాబు కింద టైల్స్ పరిచిన హాల్లో గోలవుతుంది. గది మధ్యన నిలబడి చప్పట్లు కొడితే తేడా తెలిసిపోతుంది. నేను స్పీకర్లను బీరువా మీద నుంచి దించి, గోడకు రెండడుగులు ఎడంగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తున స్టూళ్ల మీద పెట్టాను. ఎదురుగోడకు అమ్మ కుట్టిన బొంత వేలాడదీశాను. బాలు గొంతులో ఊపిరి తీసుకునే చప్పుడు ఆ రోజే మొదటిసారి విన్నాను. పైసా ఖర్చు కాలేదు.

స్పీకరు తీగల గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, అయిదు మీటర్ల దూరానికి పోనూ రానూ కలిపి ఓములో ఎనిమిదో వంతు కూడా అడ్డుపడదు. ఎనిమిది ఓముల స్పీకరు ముందు అదెంత?

ఇంకొక మాట. ఘంటసాల పాటల్లో ఎక్కువ భాగం మోనోలోనే రికార్డయ్యాయి. రెండు స్పీకర్లూ సరిజోడైతేనే ఆయన గొంతు సరిగ్గా నడిమధ్యలో నిలబడుతుంది. మా అక్క వాళ్లింట్లో పొద్దస్తమానం మోగేవి ఆయన పాటలే. మోనో పాటకు మొదట ఒక్క స్పీకరైనా చాలు. అందుకే రెండు నాసిరకానివి కొనేకంటే మంచిది ఒక్కటి కొని, అలాంటిదే జతను తర్వాత తెచ్చుకోమంటాను.

ఇరవై వేలల్లో పన్నెండు వేలు స్పీకర్లకే పెట్టమన్నాను. ఆదివారం ఇద్దరం నెల్లూరు పోతున్నాం. వాడు పెన్‌డ్రైవ్‌లో మూడు పాటలు వేసుకున్నాడు, మూడూ వాళ్లమ్మకు కంఠతా వచ్చినవే. అక్కను కూడా తీసుకుపోతున్నాం.