కొల్లేటి మట్టి ఎరిగిన వైర్‌మన్

ఇంట్లో కారు ఛార్జరు బిగించడమంటే పైకి గోడకు ఒక పెట్టె తగిలించడమే. ఏలూరైనా తాడేపల్లిగూడెమైనా ఆ పెట్టె ఒకటే: 230 వోల్టులు, 32 ఆంపియర్లు, దాదాపు 7.4 కిలోవాట్లు. పనితనం బయటపడేది మీటరు దగ్గరా మట్టిలోనూ.

పని తెలిసిన వైర్‌మన్ ముందు డ్రిల్లు తీయడు. "మీ మీటరు లోడు ఎంతండి? కారు రోజుకి ఎంత తిరుగుద్దండి?" అని అడుగుతాడు. 5 కిలోవాట్ల కనెక్షన్ 22 ఆంపియర్ల లోపే ఆగిపోతుంది. ఛార్జరును 32 మీద వదిలేస్తే అదొక్కటే ఇంటి లోడంతా మింగేస్తుంది. విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్‌కు లోడు పెంపు దరఖాస్తు పెట్టుకోవడం ఒక దారి. రెండో దారి లెక్క వేసుకోవడం. ఏలూరు నుంచి విజయవాడ వెళ్లి వస్తే సుమారు 120 కిలోమీటర్లు. యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడిచే కారుకు 20 యూనిట్లు చాలు. 13 ఆంపియర్ల మీద గంటకు 3 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి పదింటికి తగిలిస్తే తెల్లవారేసరికి కారు సిద్ధం. పక్కన ఏసీ నడుస్తున్నా లోడు దాటదు. ఈ లెక్క తేలాకే పెట్టెలో ఆంపియర్ల అమరికను 13 మీద పెడతాడు.

ఆ అమరికను కారు ఎలా తెలుసుకుంటుందన్నది ముచ్చటైన సంగతి. కేబుల్లోని ఒక సన్నతీగ మీద ఛార్జరు సెకనుకు 1000 సార్లు సంకేతం కొడుతుంది. ఒక్కో సంకేతంలో 53 శాతం సేపు వోల్టేజి పైన నిలిస్తే 32 ఆంపియర్లు తీసుకోవచ్చని, 27 శాతం సేపు నిలిస్తే 16కు మించవద్దని అర్థం. కారు ఆ హద్దు లోపలే లాగుతుంది.

ఇవాళ 13 మీదే నడిచినా తీగ మాత్రం 32కి తట్టుకునేదే లాగుతాడు. రేపు లోడు పెంచుకుంటే గోడ మళ్లీ పగలగొట్టక్కర్లేదు. 20 మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే, 32 ఆంపియర్ల దగ్గర దాదాపు 190 వాట్లు వేడిగా పోతాయి. 6 వేస్తే 125కు దిగుతుంది. మిక్సీ పది నిమిషాల్లో ఆగుతుంది గానీ కారు ఆరేడు గంటలు ఆగకుండా లాగుతుంది. వదులు స్క్రూ ఉంటే ఆ వేడికి ముందు మాడేది అక్కడే. అందుకే తీగ చివర లగ్గు నొక్కి బిగించాక తీగను చేత్తో లాగి చూస్తాడు. సర్వీసు తీగ అల్యూమినియందైతే రాగితో నేరుగా మెలిపెట్టడు, బైమెటల్ లగ్గు వాడతాడు.

అసలు విద్య ఎర్తింగ్‌లో ఉంది. తాడేపల్లిగూడెం పైన మెట్ట ఎర్రనేల ఎండితే కరెంటును సులువుగా పోనివ్వదు. అక్కడ ఒక రాడ్ చాలకపోతే, దాని పొడవుకు తగ్గని దూరంలో రెండోది దింపాలి. కొల్లేటి అంచున కైకలూరు వైపు నల్లమట్టి చెమ్మగా ఉండి కరెంటును బాగా లాక్కుంటుంది. అయితే అక్కడి ఉప్పుచెమ్మ జీఐ పైపును తినేస్తుంది. అందుకే అలవాటుగా గోతిలో ఉప్పు పోయడం మాని, రాగిపూత రాడ్‌ను బెంటొనైట్ బంకమట్టిలో నిలబెడతాడు. ఎండాకాలం రేగడి బీటలు వారినా బెంటొనైట్ రాడ్ చుట్టూ చెమ్మను చాలాకాలం పట్టి ఉంచుతుంది. పెట్టెను కూడా వరద గుర్తుకు పైనే బిగిస్తాడు. బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీళ్లు చేరేది కొల్లేటికే, బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే.

ఎర్త్ సరిగా లేకపోతే ఛార్జరు ఎర్రదీపం వేసి మొరాయిస్తుంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ చిన్న తీగముక్క కలిపి దాని నోరు మూయించేవాళ్లున్నారు. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు ఒళ్లంతా కరెంటు ఎక్కుతుంది. మంచి వైర్‌మన్ ఆ అడ్డదారి తొక్కడు. చేపల చెరువు గట్టున ఏరియేటర్ల మీటరు నుంచి తీగ లాగమన్నా ఒప్పుకోడు. ఆక్వా రైతుకు రాయితీ కరెంటు ఇచ్చింది చెరువు కోసం, కారు కోసం కాదు.

చివరగా మెగ్గర్‌తో ఇన్సులేషన్, ఎర్త్ టెస్టర్‌తో నేల చూస్తాడు. లీకేజీని పట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బటన్ నొక్కి అది పడుతుందో లేదో చూస్తాడు. గంటసేపు ఛార్జింగ్ నడిపి, కరెంటు ఆపి, కీళ్లు ఎంత వెచ్చబడ్డాయో తడుముతాడు. ఆంపియర్ల అమరిక, తీగ సైజు, ఎర్త్ రీడింగు, తేదీ ఒక కాగితం మీద రాసి డీబీ తలుపుకు లోపల అంటిస్తాడు. నేల బాగా ఎండే మే నెలలో మరోసారి కొలవమని కిందే రాస్తాడు. ఛార్జరు ఏ కంపెనీదని అడిగేముందు ఆ కాగితం ఉందా అని చూడండి. తర్వాత వచ్చే మరో వైర్‌మన్ తన పనిని తప్పుపట్టేందుకు వీలుగా అంకెలన్నీ రాసి వెళ్లాడంటే, ఆ పనివాడిని నమ్మవచ్చు.