ఆకాశాన్ని ఇక్కడినుంచే కొలవాలి

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడినప్పుడల్లా పత్రికల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది: కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, గంగవరం రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని. భీమిలికి పెద్ద ఓడలు రావడం మానేసి చాలాకాలమైంది. డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌసు మిగిలాయి. అయినా అక్కడ హెచ్చరిక ఎగురుతూనే ఉంది, ఎందుకంటే వేటకు వెళ్లే బోట్లు ఆగలేదు. తీరంలో ఇప్పుడు ఎన్నో బోట్లలో జీపీఎస్ పెట్టె ఉంటుంది. రేవులో హెచ్చరిక, బోటులో పెట్టె, రెండూ నడిచేది నెత్తిమీది వాతావరణం గురించి మనకు తెలిసినదాన్నిబట్టే. అక్షాంశం మారితే ఆ వాతావరణం తీరూ మారుతుంది. యూరప్ మీది గాలికి కుదిరిన సూత్రం మనమీది గాలికి కుదరాలని లేదు. మన ఆకాశాన్ని మనమే, ఇక్కడినుంచే, ఏళ్ల తరబడి కొలుచుకోవాలనడానికి ఇదే కారణం.

విశాఖలో ఈ అలవాటు పాతదే. డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో పెట్టుకున్న వేధశాలలో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం పరిశీలించాడు. అయితే రేడియో అలలతో పై వాతావరణాన్ని తడిమి చూసే సంప్రదాయం ఇక్కడ 1950లలో వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగంలో బి. రామచంద్రరావు బృందంతో వేళ్లూనుకుంది. వాళ్ల పద్ధతికి కావలసిన సరంజామా తక్కువ, ఓపిక ఎక్కువ. కొన్ని మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో రేడియో స్పందనను నిట్టనిలువుగా పైకి పంపుతారు. అది వంద కిలోమీటర్లో, మూడు వందల కిలోమీటర్లో ఎత్తున ఉండే పై వాతావరణపు పొర, అయనోవరణాన్ని తాకి తిరిగొస్తుంది. లంబకోణ త్రిభుజం మూడు మూలల్లో, సుమారు వంద మీటర్ల ఎడంతో పెట్టిన మూడు ఏరియళ్లు ఆ ప్రతిధ్వనిని అందుకుంటాయి. అయనోవరణం నున్నగా ఉండదు కాబట్టి అందిన సంకేతం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఒక ఏరియల్ దగ్గర కనిపించిన ఆ హెచ్చుతగ్గులే కాస్త ఆలస్యంగా రెండోదాని దగ్గరా కనిపిస్తాయి. వంద మీటర్ల దూరానికి ఒక సెకను తేడా వచ్చిందనుకుందాం. అంటే నేలమీద ఆ నమూనా సెకనుకు వంద మీటర్ల వేగంతో జరుగుతోంది. కానీ పైన కదలిక వేగం అందులో సగమే. దీపానికీ గోడకూ సరిగ్గా మధ్యలో చేతిని అడుగు జరిపితే గోడమీద నీడ రెండడుగులు జరుగుతుంది కదా, ఇదీ అంతే. కాబట్టి సగం చేసి యాభై అని రాసుకుంటారు. రాకెట్టు లేకుండా, కొండమీది ప్రయోగశాలలో కూర్చుని అయనోవరణపు కదలికను కనిపెట్టడమంటే ఇదే. ఒక్క రోజు కొలత దేనికీ కొరగాదు. పగలూ రాత్రీ, ఎండకాలం చలికాలం, సూర్యుడి మచ్చలు పెరిగే ఏళ్లూ తరిగే ఏళ్లూ కలిపితేనే చిత్రం తేలుతుంది.

అదే చూపు పెద్ద యంత్రమై వెలసింది తిరుపతి దగ్గర, పాకాల మండలం గాదంకిలో. 1990ల మొదట్లో అక్కడ నెలకొల్పిన ఎంఎస్‌టీ రాడార్‌ను ముంబైలోని సమీర్ సంస్థ నిర్మించింది. ఆ రాడార్ కేంద్రమే 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది. అంతరిక్ష విభాగం కింద పనిచేస్తోంది. వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో, మొత్తం 1024 స్థానాల్లో యాగీ యాంటెన్నాలు సుమారు 130 మీటర్ల చదరంలో నిలిచి ఉంటాయి. ఇది తిరిగే రాడార్ కాదు. యాంటెన్నాలకు అందే అలల దశను కొద్దికొద్దిగా మారిస్తే కిరణమే పక్కకు వాలుతుంది. ఈ రాడార్ పంపే 53 మెగాహెర్ట్జ్ అల పొడవు ఐదున్నర మీటర్ల పైచిలుకు. గాలిలో అందులో సగం, అంటే మూడు మీటర్ల లోపు పరిమాణపు సుడులే దాన్ని వెనక్కి చెదరగొడతాయి. గాలి సెకనుకు మీటరు వేగంతో దూరమైతే, సెకనుకు ఐదు కోట్ల ముప్పై లక్షల సార్లు కంపించే ఆ అలలో వచ్చే మార్పు సుమారు మూడో వంతు కంపనం. యంత్రం పట్టుకోవలసింది ఆ పిసరంత తేడానే.

వాతావరణ శాఖ రోజూ బెలూన్లు ఎగరేస్తుంది, పైగా ఉపగ్రహాలున్నాయి, మరి ఈ అడవంత యాంటెన్నాలు దేనికని అడగవచ్చు. బెలూన్ సెకనుకు ఐదు మీటర్ల వేగంతో తానే పైకి పోతుంది. గాలి సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున పైకి లేస్తోందో కిందికి దిగుతోందో దానివల్ల తెలియదు. అదీగాక గాలివాలున పక్క జిల్లాకు కొట్టుకుపోతుంది. ఉపగ్రహం మేఘాల కదలికను బట్టి గాలిని ఊహిస్తుంది. మేఘం లేనిచోట అదీ కష్టమే. గాదంకి కిరణం ఒకేచోట, నిమిషాల వ్యవధిలో, 150 మీటర్ల పొరలుగా గాలిని చదువుతుంది. వర్షాకాలంలో ఉష్ణమండలం మీద ఎంతో ఎత్తున వీచే తూర్పు జెట్ ప్రవాహాన్ని 1950లలో పి. కోటేశ్వరం బెలూన్ల లెక్కలనుంచే బయటపెట్టారు. అది ఆయన ప్రతిభ. అదే ప్రవాహం ఒక పూటలో ఎలా ఊగిసలాడుతుందో చూడాలంటే రాడార్ కావాలి.

ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటుంది. భీమిలి మత్స్యకారుడికి దీనివల్ల ఒరిగిందేమిటి? నిజం చెప్పాలంటే తుపాను హెచ్చరిక గాదంకి నుంచి రాదు. నిట్టనిలువుగా పైకి చూసే రాడార్‌కు నడిసముద్రంలోని తుపాను కనిపించదు. ఆ హెచ్చరిక వాతావరణ శాఖ పని. గాదంకి సంస్థ చేసే పని దానికి ముందరిది: ముందస్తు అంచనాలు వేసే కంప్యూటర్ నమూనాల్లో ఉష్ణమండల గాలి ఎలా పైకి లేస్తుంది, ఎక్కడ చెదురుతుంది అన్న చోట ఊహకు బదులు కొలత పెట్టడం.

ప్రయోజనం కళ్లకు కట్టేది జీపీఎస్ దగ్గర. మధ్యాహ్నం వేళ మన అయనోవరణం ఉపగ్రహ సంకేతాన్ని ఎంత ఆలస్యం చేస్తుందంటే, సరిదిద్దకపోతే దూరం లెక్కలో తప్పు పది మీటర్లు దాటగలదు. సూర్యాస్తమయం తరవాత అయస్కాంత భూమధ్యరేఖ మీద పుట్టే ప్లాస్మా బుడగలు సంకేతాన్నే వణికిస్తాయి. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి జీపీఎస్ తప్పును సరిదిద్దే గగన్ వ్యవస్థను కట్టినప్పుడు, అమెరికాలో సరిపోయిన పలుచటి ఒంటిపొర నమూనా ఇక్కడ చాలలేదు. దేశమంతటా 18 కేంద్రాల్లో రిసీవర్లు పెట్టి కొలిచి, అనేక పొరల నమూనాను మనవాళ్లే తయారుచేసుకోవలసి వచ్చింది. ఆ కేంద్రాల 2004–05 లెక్కలను విశ్లేషించి ప్రచురించినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.వి.ఎస్. రామారావు బృందం ముందుంది. వాల్తేరులో 1950లలో మొదలైన పని ‘ఎందుకు’ అన్నవారికి ఇంతకన్నా సూటి జవాబు అక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం నాకు పేచీ ఉంది. పెద్ద యంత్రాలు జాతీయ సంస్థల్లో ఉండటం సబబే, కానీ వాటిని నడిపే మనుషులు తయారయ్యేది విశ్వవిద్యాలయాల్లోనే. గాదంకికి అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర, వాల్తేరు ఇంకా ఉత్తరాన ఉంది. ఒక చోటి కొలత రెండో చోటికి బదులు కాదు. సూర్యచక్రం పదకొండేళ్లది, పరిశోధన ప్రాజెక్టులు మూడేళ్లవి, ఐదేళ్లవి. ప్రాజెక్టు ముగిసిందని రిసీవర్ ఆపేస్తే చక్రంలో సగమే చేతికొస్తుంది. ఈ తీరంలో అయనోవరణాన్ని కొలిచే విశ్వవిద్యాలయ కేంద్రాలకు నిధులు పదకొండేళ్ల లెక్కన ఇవ్వాలి. పాత పరికరం చెడిపోయేదాకా ఆగకుండా కొత్తదాన్ని దాని పక్కనే నిలబెట్టి, కొంతకాలం రెండింటినీ కలిపి నడపాలి.