డోన్ రాళ్లు, పట్టాలు, ముందున్న అంకె

ఒకప్పుడు ద్రోణాచలం అనేవారు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న డోన్ గుంతకల్లు–నంద్యాల, గుత్తి–కర్నూలు రైలు మార్గాలు కలిసే జంక్షన్. చుట్టుపక్కల సున్నపురాయి గనులు. పదో తరగతిలో రసాయన సమీకరణాల పాఠం చెప్పడానికి రాయీ రైలూ ఉన్న ఇలాంటి ఊరు దొరకడం అదృష్టమే.

ముందు రాయి. బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే కాల్షియం కార్బొనేట్ విడిపోయి పొడి సున్నం, బొగ్గుపులుసు వాయువు వస్తాయి. పొడి సున్నం మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి తడి సున్నమవుతుంది. గోడకు పూశాక అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని, నీటిని వదిలి, మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. ఈ మూడు చర్యల సమీకరణాల్లో ఏ పదార్థం ముందూ అంకె అక్కర్లేదు. మూడింటినీ కూడి చూడండి, రెండు పక్కలా అన్నీ కొట్టుకుపోతాయి. ఇంత పొందికైన మూడు వాక్యాలు కవిత్వంలోనూ అరుదు.

అదే రాతి మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగుతుంది. సున్నపురాయిని గుర్తుపట్టే పాత పరీక్ష ఇది. కాల్షియం క్లోరైడ్‌లో క్లోరిన్లు రెండు, ఆమ్లంలో ఒకటే. కాబట్టి ఆమ్లం ముందు 2 పెట్టాలి. క్లోరిన్ లెక్క కుదిరిన ఆ ఒక్క మార్పుతోనే హైడ్రోజన్ లెక్కా కుదురుతుంది.

సమీకరణాన్ని తుల్యం చేయడంలో పనితనమంతా ఒక కట్టుబాటులోనే ఉంది: పదార్థం ముందున్న అంకెను మార్చవచ్చు, లోపలి చిన్న అంకెను ముట్టకూడదు. ఆక్సిజన్ చాలలేదని నీటి సాంకేతికంలో ఇంకో ఆక్సిజన్ చేరిస్తే లెక్క కుదురుతుంది గానీ, అక్కడ మిగిలేది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. ద్రవ్యం పుట్టదు, పోదు అన్న పట్టుదల 1789లోనే రసాయన శాస్త్రవేత్త లవోయిజర్‌లో కనబడుతుంది. ద్రాక్షరసం పులియడాన్ని ఆయన తన పుస్తకంలో సమీకరణంగా రాశాడు.

ఇక రైలు. పట్టాల అతుకుకు వాడే థర్మిట్ చర్యకు 1895లో జర్మనీకి చెందిన హాన్స్ గోల్డ్‌ష్మిట్ పేటెంటు తీసుకున్నాడు. ఐరన్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను అల్యూమినియం లాక్కుంటుంది, కరిగిన ఇనుము మిగులుతుంది. మూడు ఇనుములు, నాలుగు ఆక్సిజన్లు ఉన్న మాగ్నటైట్‌ను తీసుకుందాం. ఇటు అల్యూమినియం ఆక్సైడ్‌లో ఆక్సిజన్లు మూడు. నాలుగుకీ మూడుకీ కలిసే చోటు 12. అంటే మాగ్నటైట్ 3, అల్యూమినియం ఆక్సైడ్ 4. దానితో ఇనుము 9, అల్యూమినియం 8 వాటంతట అవే తేలతాయి. ఆక్సిజన్ దగ్గర మొదలుపెట్టినవాడికి ఇది రెండు నిమిషాల పని. ఇనుము దగ్గర మొదలుపెట్టినవాడు కాగితమంతా కొట్టివేతలతో నింపుతాడు.

మరో ఐరన్ ఆక్సైడ్ హెమటైట్‌తో అయితే తేలిక: 160 గ్రాముల ఐరన్ ఆక్సైడ్, 54 గ్రాముల అల్యూమినియం కలిసి 112 గ్రాముల ఇనుమును, 102 గ్రాముల అల్యూమినాను (అల్యూమినియం ఆక్సైడ్‌ను) ఇస్తాయి. అటూ ఇటూ 214. వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. తేలికైన అల్యూమినా పైకి తేలుతుంది, ఇనుము కిందికి దిగి పట్టాల మధ్య అచ్చులో నిండుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి: జవాబు కుదిరిందా అని మాత్రమే కాదు, మొదట ఏ మూలకాన్ని లెక్కపెట్టారో కూడా పిల్లలను అడగండి.