కత్తి ఎవరి ఇష్టం? గడ్డం, కులం, ధర్మపురి రేవు

నగరాల్లో చదువుకున్న, మంచి జీతాలున్న మగవాళ్లలో కొందరు ఈమధ్య ప్లాస్టిక్ రేజర్లు పక్కన పెట్టి, పాతకాలపు మడత కత్తితో తమ గడ్డం తామే గీసుకుంటున్నారు. ఇది తమ ఇష్టమనీ, తమ ఎంపిక అనీ చెప్పుకుంటున్నారు. వాళ్ల గడ్డాలతో మాకేం పేచీ లేదు. అయితే కత్తిని గురించి వాళ్లు చెబుతున్న కథలో ఒక పెద్ద ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఎవరున్నారో చూడటం దళిత, బహుజన విమర్శ చేయాల్సిన పని అనుకుంటున్నాం.

ముందు వాళ్లు చెప్పే కారణాలను ఉన్నదున్నట్టు చూద్దాం. కత్తి గీసినంత నున్నగా మరేదీ గీయదంటారు. అయిదు బ్లేడ్ల రేజరు ఒకే చోట అయిదుసార్లు చర్మాన్ని గీరుతుంది, కత్తి ఒక్కసారే పోతుంది, అందుకే మంట తక్కువంటారు. మంచి ఉక్కు కత్తిని రాయి మీద నూరుకుంటూ, తోలుపట్టీ మీద సాపు చేసుకుంటూ వాడితే మనిషి జీవితకాలం వస్తుంది. వారం వారం ప్లాస్టిక్ చెత్త పారేయాల్సిన పని ఉండదు. 1903లో అమెరికాలో జిల్లెట్ కంపెనీ వాడి పారేసే బ్లేడును అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచి గడ్డం మీద నడుస్తున్న వ్యాపారానికి ఇది ఒక జవాబు అని కూడా అంటారు. వీటిలో అబద్ధమేమీ లేదు. కత్తి పట్టాలంటే ఓపిక కావాలి, చెయ్యి కుదురుగా ఉండాలి, చర్మానికి ముప్పై డిగ్రీల వాలు తప్పకూడదు. ఆ పనిలో సుఖం ఉందంటే కాదనలేం.

కానీ ఇంగ్లండులోని షెఫీల్డు ఉక్కును గురించి, జర్మనీలోని సోలింగెన్ కత్తులను గురించి పేజీలకు పేజీలు చెప్పేవాళ్లు తెలుగులో ఆ వస్తువుకున్న పేరు మాత్రం పలకరు. మన ఊళ్లల్ల దాన్ని మంగలి కత్తి అంటారు. చేతిని బట్టి వస్తువు పేరు మారిపోయింది. అపార్ట్‌మెంటు అద్దం ముందుంటే స్ట్రెయిట్ రేజర్, వేపచెట్టు కింద ఉంటే మంగలి కత్తి. మొదటిది అభిరుచి, రెండోది కులం. 'పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టు' అన్న సామెత ఇంకా మన నోళ్లలో నలుగుతూనే ఉంది. ఈ వ్యాసంలో మేం మంగలి అన్న మాట వాడుతున్నాం. ఆ కులస్థులు తమను నాయీ బ్రాహ్మణులని చెప్పుకుంటారు, బీసీ-ఏ జాబితాలోనూ ఆ పేరుంది. పని పేరును తిట్టుగా మార్చింది పని చేసినవాళ్లు కాదు, చేయించుకున్నవాళ్లు. అది మరుగున పడకూడదనే పాత మాటను వాడుతున్నాం.

కత్తికీ కులానికీ ఉన్న ముడి చూడాలంటే ధర్మపురి రేవు కన్నా మంచి చోటు లేదు. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి వెలసిన ఊరు ఇది. నది ఇక్కడ దక్షిణానికి పారుతుంది కాబట్టి దక్షిణ కాశీ అన్నారు. యమధర్మరాజుకు గుడి ఉన్న అరుదైన క్షేత్రం. 'ధర్మపురికి పోయినోళ్లకు యమపురి ఉండదు' అని నానుడి. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది మొక్కు తీర్చుకోవడానికో, పోయినోళ్లకు పిండం పెట్టడానికో వస్తారు. రెండింటికీ ముందు తల గొరిగించుకోవాలి. 2003లో, 2015లో వచ్చిన గోదావరి పుష్కరాల్లో ఈ రేవుల నిండా జనమే. కత్తి లేకుంటే ధర్మపురిలో ధర్మమే నడవదు.

మరి ఆ కత్తి పట్టినాయన చోటెక్కడ? మంత్రం చెప్పేవాడు కర్తకు ఎదురుగా కూర్చుంటాడు. తల గొరిగేవాడి పని స్నానానికి ముందే అయిపోవాలి. ఎందుకంటే క్షౌరం మైల. గొరిగించుకున్నవాడు నీళ్లలో మునిగితే గానీ ఇంట్లోకి, గుళ్లోకి రాకూడదు. వెంట్రుకలతో పాటు తనను ముట్టుకున్న చేతినీ ఆ నీళ్లలో కడిగేసుకుంటాడన్న మాట. మనుస్మృతి నాలుగో అధ్యాయం ఏ శూద్రుల చేతి తిండి తినవచ్చో చెబుతూ మంగలిని కూడా ఆ జాబితాలో చేర్చింది. అవసరమున్న మేరకు దగ్గరికి తీయడం, అవసరం తీరాక కడిగేసుకోవడం, ఇదే బ్రాహ్మణవాదపు లెక్క. గొంతు మీద కత్తి పెట్టనిచ్చేంత నమ్మకముంది, గడప లోపల కూర్చోబెట్టేంత గౌరవం లేదు. తిరుమల నుంచి వేములవాడ దాకా పెద్ద గుళ్లలో తలనీలాలను వేలం వేస్తారు. ఆ సొమ్ము దేవస్థానానిది. గొరిగినవాళ్లకు దక్కేది కూలి.

రేవు నుంచి ఊళ్లోకి పోతే లెక్క ఇంకా గట్టిగా కనబడుతుంది. మంగలి పొదిలో ఒక్క కత్తే ఉండేది కాదు. కత్తెర, గోరుగాలు, సానరాయి, తోలుపట్టీ, పటిక, అద్దం ఉండేవి. పుండ్లు కోసి కట్టు కట్టింది ఆ చేతులే. చాలా ఊళ్లల్ల కాన్పులు చేసింది ఆ ఇంటి ఆడవాళ్లే. పెళ్లికి సన్నాయి ఊదిందీ ఆ కులమే. 2009లో వచ్చిన ఇంగ్లిషు పుస్తకం 'పోస్ట్-హిందూ ఇండియా'లో కంచ ఐలయ్య మంగళ్లను సామాజిక వైద్యులన్నది ఇందుకే. ఇంత విద్య ఉన్న మనిషికి దక్కిందేమిటి? ఏడాదికోసారి కళ్లం కాడ నాలుగు గింజలు. తెలంగాణలో దొర గడీకి పోయి గడ్డం గీసుడు, ఒళ్లు పిసుకుడు, కాళ్లు వత్తుడు వెట్టి కిందికే వచ్చేవి. పిలిస్తే పోవాల్సిందే. 'నాకిష్టం లేదు' అనే మాట ఆ పనిలో లేదు.

ఇప్పుడు కత్తికున్న రెండో కథకు వద్దాం. దీన్ని చెప్పకుండా మంగలి కష్టం ఒక్కటే చెబితే మేమూ ఒక ఖాళీని మిగిల్చినవాళ్లమవుతాం. గడీకి పోక తప్పని ఆ కత్తి మాల మాదిగ వాడలకు రాలేదు. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన చిన్నతనాన్ని తలచుకున్నాడు. సతారాలో డబ్బులిస్తామన్నా ఏ మంగలీ వాళ్ల తల ముట్టలేదు. ఇంట్లో పిల్లలందరికీ అక్కే క్షవరం చేసేది. తెలుగు పల్లెల్లోని వాడలకూ ఈ కథ కొత్తది కాదు. మంగలి రాడు కాబట్టి వాడలోనే ఒకాయన పని నేర్చుకునేవాడు, మిగతావాళ్లకు చేసేవాడు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన చట్టం, అదే ఇప్పటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడాన్ని 6వ సెక్షన్ కింద నేరం చేసింది. చట్టంలో ఇట్లా రాయాల్సి వచ్చిందంటే నిరాకరణ ఎంత మామూలు విషయమో ఆలోచించండి.

కాబట్టి మంగలి లేకుండా కత్తి పట్టుకోవడం మన నేల మీద కొత్త సంగతి కాదు. నగరాల అభిరుచిపరులకన్నా ఎంతో ముందే వాడలు ఆ పని చేశాయి. సంప్రదాయం, తాతల కాలం అంటూ కత్తిని మెచ్చుకునేవాళ్ల తాతల జాబితాలో ఆ అక్క లేదు, వాడలో పని నేర్చిన ఆ పెద్దమనిషీ లేడు. వాళ్లు కత్తిని ఎంచుకోలేదు. ఊరు వాళ్లను వెలివేసింది కాబట్టి పట్టుకున్నారు.

మాదిగ తల ముట్టుకుంటే ఊళ్లో పెద్ద కులాల ఇళ్లు తనకు మూసుకుపోతాయని మంగలి భయపడ్డాడనే మాట వినిపిస్తుంది. ఆ భయం నిజమే. పై కులాల మీద ఆధారపడ్డ బతుకు అది. కానీ భయం కారణమవుతుందే తప్ప సమర్థన కాదు. కులం మెట్లమెట్లుగా ఉంటుందని, ప్రతి మెట్టు మీదున్నవాడికీ కింద తొక్కడానికి ఇంకొకడు దొరుకుతాడని అంబేడ్కర్ చెప్పింది దీన్నే. బహుజన ఐక్యతను గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని దాటేసి పోలేం.

అయితే అదే కత్తి పైకి కూడా అడ్డం తిరిగింది. 1890లో బొంబాయిలో, ఫూలే సత్యశోధక ఉద్యమంలో పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే చొరవతో క్షురకులు సభ పెట్టుకుని బ్రాహ్మణ వితంతువుల తలలు గొరగబోమని తేల్చి చెప్పారు. సంస్కర్తలు ఉపన్యాసాలిస్తున్న కాలంలో, పని చేసే చెయ్యి ఆగిపోతే ఆచారమే ఆగిపోతుందని చూపించారు. మన దగ్గరికొస్తే, ధర్మపురి చుట్టుపక్కల పల్లెలన్నీ జగిత్యాల రైతాంగ పోరాటపు నేల. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాటంలో కూలీలు ఎన్నుకున్న ఆయుధాల్లో దొరల సాంఘిక బహిష్కరణ ఒకటి. పాలేరు పనికి పోలేదు, చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు. తుపాకీ పేలకముందే గడీ సగం కూలింది ఇక్కడే. దొర గడ్డం పెరగడమంటే దొరతనం తరగడమని ఊరంతా చూసింది.

మంగలి రాననడం వాడకూ తెలుసు, గడీకీ తెలుసు. రెండూ నిరాకరణలే, కానీ ఒకటి కాదు. వాడకు రాననడం కులం ఆజ్ఞను పాటించడం. గడీకి పోననడం ఆ ఆజ్ఞను ధిక్కరించడం. ఇష్టం, ఎంపిక అన్న మాటలకు అసలు అర్థం ఈ రెండోదాన్లోనే ఉంది. కాదనే హక్కు లేని చోట ఇష్టం అన్న మాటకు విలువ లేదు. నగరంలోని కత్తి ప్రేమికుడు రేపు విసుగొస్తే కత్తిని పెట్టెలో పెట్టేయగలడు, ఎవరూ ఏమనరు. అందుకే అది ఆయనకు ఇష్టం. తరతరాలుగా కత్తిని కింద పెట్టే వీల్లేక బతికినవాళ్లు దాన్ని కింద పెట్టిన రోజున పోలీసు క్యాంపులు దిగాయి.

ఇంకొక సంగతి కూడా చూడాలి. కత్తి పనే బతుకైనవాళ్లు దాన్ని ఎప్పుడో వదిలారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణాల్లో సెలూన్లు వచ్చాక గింజల స్థానంలో నగదు వచ్చింది. గడీ గుమ్మం ముందు వంగి కూర్చునే పని పోయి, గిరాకీనే తన దుకాణానికి రప్పించుకునే పని వచ్చింది. పేరు, వాడ అడగకుండా కుర్చీ చూపించే సెలూన్లో దళిత యువకుడు మొదటిసారి అద్దం ముందు కూర్చున్నాడు. 1980ల తర్వాత ఎయిడ్స్ గురించి, రక్తంతో అంటుకునే కామెర్ల గురించి ఎరుక పెరిగింది. ఒకే కత్తి పది గడ్డాల మీద నడవకూడదని తెలిసింది. బ్లేడును మధ్యకు విరిచి పిడిలో బిగించి, మనిషికో కొత్త ముక్క వాడే పద్ధతి స్థిరపడింది. పాత కత్తి దుకాణం నుంచి పోయింది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ప్రకటించింది, ఆ కులసంఘాలు ఎన్నో ఏళ్లు అడగ్గా వచ్చింది. ఆరోగ్యం కోసం, మర్యాద కోసం వాళ్లు వదిలేసిన కత్తే ఇప్పుడు దాన్ని ఎన్నడూ పట్టనివాళ్ల ఇళ్లలోకి అలంకారంగా వస్తోంది. మంగలి చేతిలో ఉన్నన్నాళ్లు వృత్తిగా కూడా గౌరవం దక్కని పని, చేయి మారగానే కళ అయింది.

అట్లాగని కత్తి పట్టకండి అని మేం అనడం లేదు. 1936లో 'కులనిర్మూలన'లో అంబేడ్కర్ కులాన్ని శ్రమ విభజన కాదు, శ్రామికుల విభజన అన్నాడు. తన గడ్డం తానే గీసుకునేవాడు కనీసం ఆ ఒక్క పనిలో ఇంకొకరిని కింద కూర్చోబెట్టడం లేదు, అది మంచిదే. మేం అడిగేది మరొకటి. ఆ పనిలో ఓపికా నైపుణ్యమూ ఉన్నాయని మీకు అర్థమైతే, అదే ఓపికతో వేల తలలు గొరిగిన మనిషి పేరు కూడా పలకండి. ఆ పనిని తిట్టుగా చేసే సామెతను మీ ఇంట్లో ఆపండి. కత్తి మీకు కళ అయితే సెలూన్ కుర్చీ వెనక నిలబడే పని మీ పిల్లలకు తక్కువ పని ఎట్లా అవుతుందో చెప్పండి. ఆ ఇంటి పిల్లలు ఆ పని వదిలి మీ ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చున్నప్పుడు రిజర్వేషన్ అని ఎందుకు మూతి తిప్పుకుంటారో కూడా చెప్పండి.

కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక మాట. 2009 నుంచి ధర్మపురి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఓటు దగ్గర దళితుడి మాట చెల్లుతోంది. ఊరి సెలూన్లో కుర్చీ దగ్గర చెల్లుతోందా లేదా అన్నది ఊరూరా తిరిగి చూడాల్సిన విషయం. ప్రతి నెలా 30న ఊళ్లల్ల పౌరహక్కుల దినం జరుపుతారు. రెండు గ్లాసుల గురించి, గుడి గురించి అడుగుతున్నాం, కత్తి గురించీ అడగాలి. అడిగేటప్పుడు సెలూన్ నడిపే ఆయన మీద కేసు పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. దళితుడికి కుర్చీ వేస్తే ఊరి పెద్దలు గిరాకీ ఆపేస్తామంటే ఆయన వెంట ఎవరు నిలబడతారో కూడా ఆ సభలోనే తేల్చాలి. 1978లో దొరకు గడ్డం గీయనన్న చేతి వెనక కూలీల సంఘం ఉంది కాబట్టే ఆ చెయ్యి నిలబడింది. ఇప్పుడు దళితుడి గడ్డం గీస్తానన్న చేతి వెనక కూడా అట్లాంటి సంఘం ఒకటి ఉండాలి.