లక్కలో కలిసిన చెట్ల రంగులు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పేరు వినగానే ముందుగా తలచుకోవలసినవి లక్కపిడతలు. కుండ, మూకుడు, రోలు, తిరగలి, పొయ్యి వంటి వంటింటి సామానునంతా అరచేతిలో ఇమిడేంత చిన్నదిగా తీర్చి, మూతకూ గిన్నెకూ నడుమ వెంట్రుక దూరే సందు కూడా లేకుండా అమర్చగల నేర్పు ఇక్కడి పనివారిది. భరిణెలో భరిణె, దానిలో మరో భరిణె ఇమిడేలా కేవలం కంటి అంచనాతో రూపం తీసే వారి హస్తలాఘవాన్ని ఎంత పొగిడినా తక్కువే. ఈ కళ కొన్ని వందల ఏళ్ల నాటిదనీ, జమీందారుల ఆదరణలో పెరిగిందనీ చెబుతారు.

ఈ చిట్టి రూపాలకు రంగు ఎక్కించే తీరు మరీ విశేషమైనది. కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మకు సున్నపు పూత వేసి, ఆరిన తరువాత కుంచెతో రంగులు దిద్దుతారు. ఏటికొప్పాకలో కుంచెకు దాదాపు పనే లేదు. ఆరబెట్టిన అంకుడు కర్రను తరిణెకు, అంటే కర్రను గిరగిరా తిప్పే యంత్రానికి బిగించి, ఉలితో రూపం తీసి, తిరుగుతున్న ఆ బొమ్మకే రంగు లక్క కడ్డీని అదిమి పట్టుకుంటే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తితే పూత సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల కొమ్మలపై ఒక చిన్న పురుగు స్రవించే జిగురే ఈ లక్క. ఒత్తిడి ఎక్కువైతే అది మాడుతుంది, తక్కువైతే చారలు కడుతుంది, రెండు రంగుల పట్టీలు కలిసే అంచున చేయి రవ్వంత వణికినా బొమ్మ అందమంతా పోతుంది.

రసాయన రంగులు ఊరంతా అల్లుకున్న రోజుల్లో, ఇదే ఊరికి చెందిన సి.వి. రాజు చెట్ల రంగులను లక్కలో కలిపే ప్రయోగాలకు పూనుకున్నారు. దీనిని పాత పద్ధతికి తిరిగి వెళ్లడమని తేలికగా అనేవారు అందులోని కష్టాన్ని గుర్తించడం లేదు. మొక్కల రంగులు చాలావరకు నీటిలో దిగుతాయి, లక్కేమో నీటితో కలవదు. అందువల్ల ముందుగా ఆ రంగును చిక్కని ముద్దగానో పొడిగానో మార్చి, నిప్పుల సెగకు మెత్తబడిన లక్కలో వేసి, రంగు అంతటా ఒక్కటయ్యేదాకా సాగదీస్తూ, మడతపెడుతూ పిసకాలి. పసుపు కొమ్ము పచ్చని రంగును, నీలిమందు నీలాన్ని, జాఫ్రా గింజలు నారింజ ఛాయను, మంజిష్ఠ వేరు ఎరుపును, ఇనుముతో కలిసిన కరక్కాయ నలుపును ఇస్తాయి. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ వస్తుంది. ఒక్కో రంగుకు తగిన సెగ ఒక్కోటి, అది పనివాడి వేళ్లకే తెలియాలి. పసుపు ఛాయ ఎండకు వెలుస్తుందన్న మాట నిజమే, కానీ కంటికి ఇంత చల్లగా, చేతికి ఇంత నునుపుగా ఉండే పూతను డబ్బాల్లో దొరికే రంగులు ఏనాడూ ఇవ్వలేవు.

ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంపై ఇవే కొలువుదీరాయి. ఇంత గౌరవం జరిగినా అంగళ్లలో జరుగుతున్నది వేరు. యంత్రాల మీద గుట్టలుగా తయారై, రసాయన రంగు చిమ్మి, వార్నిష్ మెరుపు అద్దిన సరుకు ఏటికొప్పాక పేరుతో సగం ధరకు అమ్ముడవుతుంటే, లక్క కడ్డీతో రోజంతా కూర్చున్న మనిషికి కూలి గిట్టడం లేదు. పసిపిల్లలు నోట పెట్టుకునే వస్తువుకు సీసం ఉండగల రసాయన రంగు పూయడం అన్యాయం కాక మరేమిటి? కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకు దక్కిన ప్రచారంలో సగమైనా మన ఊరికి దక్కలేదు. పనితనంలో మాత్రం ఏటికొప్పాక దానికి ఏ విధంగానూ తీసిపోదు. ఒకవైపు అంకుడు కర్ర కొరత పెరుగుతోంది, మరోవైపు చదువుకున్న పిల్లలు తరిణె దగ్గర కూర్చోవడానికి ఇష్టపడడం లేదు.

ప్రభుత్వం అంకుడు మొక్కలను విరివిగా నాటించి, నకిలీ సరుకుపై భౌగోళిక గుర్తింపు చట్టాన్ని నిజంగా ప్రయోగించాలి. బొమ్మల కొలువు కోసమో, బిడ్డ ఆట కోసమో లక్కపిడతలు కొనే తెలుగువారు, ఇవి ఏ రంగులతో చేశారని దుకాణదారును అడిగి, చెట్ల రంగు లక్క అని తేలితేనే కొనాలి, ధర విషయంలో బేరమాడకూడదు.