చూడ చక్కని పుట, దారి దొరకని పుట

అనంతపురం జిల్లా పడమటి అంచున, బళ్ళారి సరిహద్దుకు చేరువగా విడపనకల్లు మండలము ఉన్నది. నల్లరేగడి చేలలో పప్పుశనగ, ప్రత్తి, మిరప పండును. వాన మాత్రము నమ్మదగినది కాదు. ఇట్టి చోట పంట అప్పునకు గాని, పంట నష్టపు సహాయమునకు గాని రైతు వెదకికొనవలసిన కాగితములు రెండు: అడంగల్, 1-బి. ఏ చేను ఎవరి సాగులో ఉన్నది, ఏ పైరు వేసిరి అను వివరము అడంగల్‌లో ఉండును. 1-బి హక్కుల పట్టిక.

1984లో కరణీకము రద్దగు వరకు ఈ లెక్కలు కరణము చేతిలో ఉండెడివి. ఏ కట్టలో ఏ కాగితమున్నదో రైతునకు తెలియనక్కరలేదు. కరణమునకు తెలిసిన చాలును. (ఆ తెలివికి కట్టవలసి వచ్చిన వెల వేరే కథ.) 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘మీభూమి’ వెబ్‌సైటును ప్రారంభించుటతో కట్టలు కంప్యూటరు తెర మీదికి వచ్చినవి. అయితే ‘ఇదిగో, నీ కాగితము ఇక్కడ ఉన్నది’ అని చెప్పు పని ఎవరిది? ఆ పని పుట మీది మెనూపై పడినది. ఒక పుట నుండి మరియొక పుటకు దారి చూపు ఈ ఏర్పాటు ఎంత అందముగా ఉన్నదని కాక, ఎంత త్వరగా గమ్యము చేర్చుచున్నదని మొదట అడుగవలెను.

ఆ ప్రశ్నకు మీభూమి మంచి జవాబే చెప్పిన చోటు ఒకటి కలదు. మెనూలో కొత్త మాటలను కల్పింపక, అడంగల్, 1-బి అను పాత పేర్లనే ఉంచిరి. 1-బి అనునది 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టముతో ముడిపడిన పేరు. దానిలో అర్థమేమియు పైకి కనిపించదు. భాషాభిమాని ఎవరైనను దానిని ‘స్వత్వ వివరణ పత్రము’ అని మార్చి ఉండవచ్చును. అప్పుడు పుట గంభీరముగా కనిపించెడిది, రైతు మాత్రము తెల్లమొగము వేసెడివాడు. బ్యాంకులో అడుగు మాట ఏదో, మెనూలో కనిపించు మాటయు అదే కావలెను. సర్వే నంబరు తెలియని వానికి ఖాతా నంబరు, అదియు తెలియని వానికి పట్టాదారు పేరు అని పలు విధముల వెదకు వీలు కల్పించుట కూడ మెచ్చదగినదే. ఊరికి నాలుగు దారులున్నట్లు ఇదియు ఒక సౌకర్యము.

చిక్కు వరుసల వద్ద వచ్చును. జిల్లా, మండలము, గ్రామము ఒకదాని తరువాత ఒకటి ఎంచుకొనవలెను. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడక మునుపు అనంతపురం జిల్లాలో 63 మండలములుండెను. విడపనకల్లు ఆ జాబితాలో తెలుగు వరుసలోనైనను, ఇంగ్లీషు వరుసలోనైనను చివరి వైపుననే వచ్చును. పొరుగున ఉన్న ఉరవకొండ సంగతి మరింత చిత్రము. తెలుగు అక్షరక్రమమున ‘ఉ’ తొలి అచ్చులలోనిది; ఇంగ్లీషు క్రమమున ఆ అక్షరము చివరి నుండి ఆరవది. పేర్లను తెలుగులో వ్రాసి వరుసను మాత్రము ఇంగ్లీషుదే ఉంచినచో, అక్షరములు నేర్చిన రైతు పై వైపున వెదకి, కనబడక, తన మండలమే లేదనుకొనును. ఇట్టి జాబితాలో రంగులు ఎంత చక్కగా అమరినను ప్రయోజనమేమి?

అందమునకు ఈ విషయమున అసలు పాత్రయే లేదా? ఉన్నది, అదియు కొంత మోసకరమైన పాత్ర. 1995లో జపానులో కురొసు, కషిమురా అను ఇద్దరు పరిశోధకులు బ్యాంకు డబ్బు యంత్రపు తెరను 26 విధములుగా అమర్చి 252 మందికి చూపిరి. ఏది అందముగా ఉన్నది, ఏది వాడుటకు సులువుగా తోచుచున్నది అని అడిగిరి. అందముగా ఉన్నదే సులువైనదని జనులు భావించిరి. నిజముగా సులువైన అమరికకు, సులువని తోచిన దానికి మధ్య సంబంధము అంతకంటె తక్కువగా కనబడినది. ఇజ్రాయెల్‌లో ట్రాక్టిన్‌స్కీ 1997లో ఈ పరీక్షనే తిరిగి చేయగా అందపు ప్రభావము మరింత బలముగా తేలినది. కావున పుటను తయారుచేయించు అధికారి ఒక గదిలో కూర్చుండి తెరను చూచి ‘బాగున్నది’ అన్నచో, అది కంటి తీర్పే గాని వేలి తీర్పు కాదు.

వేలి సంగతి 1954లో పాల్ ఫిట్స్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లెక్క కట్టెను. గురి ఎంత దూరమో, ఎంత చిన్నదో అంత ఎక్కువ సమయము పట్టును. దూరమును వెడల్పును రెండింతలు చేసినచో సమయము మారదు. అందము కొరకు బటన్లను సన్నగా చెక్కుట ఎవరికి నష్టమో దీనిని బట్టి తెలియును. చేను పని చేసి మోటుబారిన బొటనవ్రేలితో, నాలుగైదు అంగుళముల ఫోను మీద నొక్కువానికే నష్టము. అట్లే తెల్లని పుటపై లేత బూడిదరంగు అక్షరములు నగరపు గదిలో సొగసుగా ఉండును. విడపనకల్లు మిట్టమధ్యాహ్నపు ఎండలో అవి కనబడవు. మామూలు అక్షరమునకు, దాని వెనుక రంగునకు వెలుగులో కనీసము 4.5కు 1 నిష్పత్తి ఉండవలెనని వెబ్ ప్రమాణములు 2008 నుండియే చెప్పుచున్నవి.

ఈ మధ్య మెనూనంతటిని దాచివేసి మూడు అడ్డగీతలను మాత్రమే చూపుట ఆచారమైనది. ఆ గుర్తును 1981లో వచ్చిన జెరాక్స్ స్టార్ కంప్యూటరు కొరకు నార్మ్ కాక్స్ గీసెను. పుట శుభ్రముగా కనబడు మాట నిజమే. కాని 2016లో నీల్సన్ నార్మన్ సంస్థ 179 మందితో జరిపిన పరీక్షలో, దారులను దాచినప్పుడు వాటిని కనుగొనుట దాదాపు సగమునకు పడిపోయినది. గుర్తు తెలిసినవారి సంగతియే ఇది. మూడు గీతలను అలంకారమనుకొను రైతు మాట చెప్పనేల?

తెలుగునకు ప్రత్యేకమైన బాధ వేరొకటి. ఇంగ్లీషు మాటల కొలతకు చేసిన బటన్లలో తెలుగును పోసినప్పుడు ఒత్తులు క్రింది అంచున తెగిపోవును, గుడులు పై వరుసకు తగులును. ఇంగ్లీషున నాలుగక్షరముల మాటకు చాలిన చోటు ‘ముఖపుట’కు చాలక రెండు ముక్కలగును. ముందు తెలుగులో గీసి, తరువాత ఇంగ్లీషును అమర్చినచో ఈ చిక్కు చాలవరకు తప్పును. ఇంత చిన్న మార్పునకు ప్రభుత్వపు పుటలు ఇన్నేండ్లు ఎదురుచూచుట విచారకరము.

అయినను అందమును పూర్తిగా తోసివేయరాదు. అతుకుల బొంతవలె ఉన్న పుటను చూచి ఇది ప్రభుత్వమువారిదేనా, దళారి పెట్టిన నకలా అని రైతు జంకును. ఆధార్ నంబరు అడుగుచోట ఆ జంకు సహజము. తగినంత ఖాళీ, ఒక కోవకు చెందిన వానిని ఒకచోట చేర్చుట, ముఖ్యమైన దానికి ఒకే గాఢమైన రంగు – ఇవి అందమును ఇచ్చును, దారియు చూపును. పైన తిరుగు బొమ్మల వరుస అట్టిది కాదు. అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు ముఖపుటను 2013లో లెక్కించగా, అట్టి బొమ్మలను నొక్కినవారు నూటికి సుమారు ఒక్కరు. పచ్చని పొలముల చిత్రము మంచిదే. దానివలన 1-బి బటన్ తెర క్రిందికి జారినదా లేదా అనునదే ప్రశ్న.

ఉన్నత పాఠశాలలో దీనిని తేలికగా పరీక్షించవచ్చును. అయిదుగురు విద్యార్థులు తమ ఇంటి పెద్దవారికి ఫోను ఇచ్చి, ప్రభుత్వపు పుట ఏదైనను తెరచి, తమ మండలమును ఎంచుకొనుమని అడుగవలెను. దారి చెప్పరాదు, వేలు చూపరాదు. ఎన్ని నొక్కులైనవి, ఏ మాట వద్ద ఆగిరి, ఎక్కడ ఫోను తిరిగి ఇచ్చివేసిరి – వీనిని మరునాడు నల్లబల్లపై వ్రాసి చూచినచో, అయిదుగురిలో ముగ్గురు ఆగినది ఒకే చోట కావచ్చును.